దర్పం కోసం ప్రాణాన్ని కొనకండి

మే నెల మిట్టమధ్యాహ్నం, బయట 42 డిగ్రీల ఎండ కాస్తుండగా, మూడు గదుల ఫ్లాట్‌లో 70 కిలోల సెయింట్ బెర్నార్డ్‌ను ఉంచడాన్ని నేను హింస అంటాను. కొట్టకపోయినా హింసే. కడుపునిండా తిండి పెట్టినా హింసే. పుట్టినరోజుకు కేకు కోసి, మెడలో పూలదండ వేసి, ఫొటోలు తీసి పదిమందికీ పంపినా హింసే. ‘మా ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నాం’ అని చెప్పేవాళ్లే ఎక్కువగా ఈ పని చేస్తున్నారు. అందుకే ఈ మాటను మెత్తగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

కొన్నేళ్లుగా హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో డబ్బున్న ఇళ్లకు కొత్త మోజు పట్టుకుంది. సెయింట్ బెర్నార్డ్, గ్రేట్ డేన్, టిబెటన్ మాస్టిఫ్, కాకేసియన్ షెపర్డ్. కుక్క ఎంత పెద్దదైతే ఇంటి గొప్ప అంత పెరిగినట్టు లెక్క. ఎవరో పెట్టిన రీల్ చూసి ఒకరు, బావమరిది ఫామ్‌హౌస్‌లో చూసి ఇంకొకరు, పిల్లాడు ఏడ్చాడని మరొకరు కొంటున్నారు. పిల్ల ఖరీదు ఎంత, రంగు ఏమిటి, పేపర్లు ఉన్నాయా అని అడుగుతారు. మన ఎండ ఇది తట్టుకుంటుందా? మన ఇంటి నేల దీని కాళ్లకు సరిపోతుందా? జబ్బు చేస్తే వైద్యం చేయించగలమా? ముసలిదై లేవలేకపోతే ఎత్తగలమా? ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి, జవాబు దొరికాక కొన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అసలు సెయింట్ బెర్నార్డ్ ఎక్కడి ప్రాణి? స్విట్జర్లాండ్, ఇటలీల మధ్య ఆల్ప్స్ పర్వతాల్లో సముద్రమట్టానికి 2,469 మీటర్ల ఎత్తున ఒక కనుమ ఉంది. పేరు గ్రేట్ సెయింట్ బెర్నార్డ్. అక్కడి మఠంలోని క్రైస్తవ సన్యాసులు, మంచులో దారితప్పిన బాటసారులను వెతకడానికి ఈ కుక్కలను పెంచారు. 1800లో పుట్టిన బ్యారీ అనే కుక్క 40 మందికి పైగా ప్రాణాలు కాపాడిందని చెబుతారు. 1814లో అది చనిపోతే దాని దేహాన్ని బెర్న్ నగరంలోని మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉంచారు. ఆ బ్యారీ ఇప్పటి సెయింట్ బెర్నార్డ్ కంటే చాలా చిన్నది. 1830 ప్రాంతంలో ఈ కుక్కలను న్యూఫౌండ్‌ల్యాండ్ జాతితో దాటించినప్పుడు పొడవాటి బొచ్చున్న పిల్లలు పుట్టాయి. ఆ బొచ్చుకు మంచు పట్టి గడ్డకట్టి, అవి నడవలేకపోయాయి. సన్యాసులు వాటిని పనికిరావని కింది లోయల్లోని జనానికి ఇచ్చేశారు. మంచు కొండల్లోనే పనికిరాదని తేలిన ఆ బొచ్చును మనం గుంటూరులో, రామగుండంలో, రెంటచింతలలో అందం అనుకుని లక్షలు పోసి కొంటున్నాం.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద మాత్రం కాస్త చెమ్మ చేరుతుంది. నాలుక బయటపెట్టి వగర్చడమే దానికి ఒళ్లు చల్లబరుచుకునే దారి. ఆ వగర్పు కూడా గాలి పొడిగా ఉంటేనే పనిచేస్తుంది. కాకినాడలోనో విశాఖలోనో ఉక్కపోతలో ఎంత వగర్చినా నాలుక మీది తడి ఆరదు, ఒంట్లో వేడి దిగదు. పైగా ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ బరువుతో పోలిస్తే వేడిని వదిలే చర్మం తక్కువవుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీలు ఉంటుంది. 41 దాటిందంటే వడదెబ్బే. ఆ తర్వాత మూత్రపిండాలు, కాలేయం, మెదడు ఒక్కొక్కటీ దెబ్బతింటాయి. ‘ఏసీ ఉందిగా’ అంటారు. ఏసీ ఉన్న గదిలో ఆ ప్రాణిని మార్చి నుంచి జూన్ దాకా బంధించి ఉంచడం పెంపకం ఎలా అవుతుంది? మరి కరెంటు పోతే?

కరెంటు పోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. మాకు తెలిసిన వాళ్ల ఫ్లాట్. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి అప్పటికి గంట దాటింది. సెయింట్ బెర్నార్డ్ బాత్‌రూమ్‌లో ఉంది. తడి టైల్స్ మీద నాలుగు కాళ్లూ చాపి, గడ్డం నేలకు ఆనించి పడుకుంది. డొక్కలు ఎగిసిపడుతున్నాయి. చొంగ చిక్కగా సాగి నేల మీద మడుగు కట్టింది. కళ్ల కింది రెప్పలు వేలాడి లోపలి ఎరుపు కనిపిస్తోంది. ఇంటావిడ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఒక తువ్వాలు దాని పొట్ట కింద, ఇంకొకటి తొడల మధ్య పెట్టి, అవి వేడెక్కగానే తీసి బకెట్‌లో ముంచి మళ్లీ వేస్తోంది. “ఎండాకాలం వచ్చిందంటే దీనికి ఇదే గదండీ. మేం స్నానానికి ఇంకో బాత్‌రూమ్‌కు పోతాం” అంది. కుక్కను కొన్న ఆయన ఆఫీసులో ఉన్నాడు. పొద్దున పోతే రాత్రికి వస్తాడు. కొనేది మగవాళ్లు, మోసేది ఆడవాళ్లు. బొచ్చు ఊడ్చేది, చొంగ తుడిచేది, అంత పెద్ద కుక్క చేసిన పెంటను ఎత్తేది ఇంటావిడ, లేకపోతే పనిమనిషి. వాళ్లను ఒక్కమాట అడగకుండానే ఈ బరువు నెత్తిన పెడుతున్నారు.

‘సెయింట్ బెర్నార్డ్‌కు బొచ్చు ఎక్కువ, మేం గ్రేట్ డేన్ తెచ్చుకుంటాం’ అనేవాళ్లున్నారు. దాని కష్టాలు దానికున్నాయి. రెండు నెలల పిల్ల పదికిలోల లోపే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి 50 కిలోలు దాటుతుంది. ఏ ఎముకా అంత వేగాన్ని సులువుగా తట్టుకోదు. అలాంటి పిల్లను మనం గ్రానైట్, మార్బుల్, నున్నటి టైల్స్ మీద పెంచుతాం. కాళ్లు జారి అడ్డంగా చీలిపోతుంటే ‘భలే ముద్దుగా ఉంది’ అని వీడియో తీస్తాం. తుంటి కీలు దాని గిన్నెలో సరిగా కూర్చోని జబ్బు ఈ జాతుల్లో పుట్టుకతోనే పొంచి ఉంటుంది. జారుడు నేల దాన్ని ఇంకా ముదరబెడుతుంది. గట్టి నేల మీద పడుకుని పడుకుని మోచేతుల దగ్గర నీటిగడ్డలు లేస్తాయి. పడకకు మందంగా పరుపు, నడకకు మట్టినేల కావాలని ఎవరూ చెప్పరు.

అమ్మేవాడు ఏం చెబుతాడో నాకు తెలుసు. “ఏం భయం లేదు సార్. పిల్లల దగ్గర మస్తు శాంతంగా ఉంటది. రోజూ రెండు గుడ్లు, పాలు, పొద్దున సాయంత్రం కాల్షియం సిరప్ పోయండి, గుర్రంలా లేస్తది.” ఇది విషం లాంటి సలహా. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980ల్లోనే గ్రేట్ డేన్ పిల్లల మీద పరిశోధనలు చేసి, కాల్షియం మితిమీరితే ఎముకల ఎదుగుదల వంకర తిరుగుతుందని తేల్చారు. చిన్న వయసులో కుక్కపిల్ల పేగులు అదనపు కాల్షియాన్ని ఆపలేవు, చాలామేరకు పీల్చేసుకుంటాయి. భారీ జాతి పిల్లలకు కాల్షియం కొలిచి కలిపిన ప్రత్యేక తిండి అందుకే ఉంది. ఆ తిండి పెడుతూ పైన సిరప్ పోయకూడదు. పిల్లను బొద్దుగా పెంచకూడదు. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేతికి తగిలేలా ఉండాలి. మన ఇళ్లలో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. త్వరగా పెద్దదవ్వాలి, పక్కింటివాళ్లు నోరెళ్లబెట్టాలి. ఆ తొందరకు మూల్యం కుక్క తన కాళ్లతో చెల్లిస్తుంది.

అమ్మేవాడికి చట్టం లేదా అంటే, ఉంది. 2017లో కేంద్ర ప్రభుత్వం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నియమాలు తెచ్చింది. పిల్లలను పుట్టించి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కను దాటించకూడదు. దాని జీవితకాలంలో ఐదు ఈతలకు మించి వేయించకూడదు. ఇన్ని నియమాలుండగా కళ్లు సరిగా తెరవడం నేర్చిన నెల పిల్లలను బుట్టలో పెట్టి అమ్ముతున్నారు. తల్లి ఏదని అడిగితే ‘ఊళ్లో ఉంది’ అంటారు. కుక్కపిల్ల మనుషులతో, తోటి కుక్కలతో మెలగడం నేర్చుకునేది మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపే. అందులో సగం కాలం తల్లి పక్కన, తోబుట్టువుల మధ్య గడవాలి. ఆ చదువు లేకుండా పెరిగిన చిన్న కుక్క అరిచి ఊరుకుంటుంది. 70 కిలోల కుక్క భయపడితే దాన్ని ఎవరు ఆపగలరు? తల్లిని చూపించనివాడి దగ్గర పిల్లను కొనడమంటే ఆ తల్లిని మళ్లీ మళ్లీ ఈనించే వ్యాపారానికి పెట్టుబడి పెట్టడమే.

ఇంకొక నిజం పిల్లలకు ముందే చెప్పండి. ఈ కుక్క ఎక్కువకాలం బతకదు. చిన్న జాతులు పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతాయి. గ్రేట్ డేన్‌కు ఏడు నుంచి పదేళ్లే ఆయుష్షు. జర్మనీలోని గ్యోటింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 74 జాతుల లెక్కలు తీసి 2013లో చెప్పిన మాట ఇది: ఒంటి బరువు రెండు కిలోలు పెరిగితే ఆయుష్షు సుమారు నెల తగ్గుతుంది. పెద్ద కుక్క ముసలితనంలోకి నడిచిపోదు, పరుగెత్తుతుంది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన కుక్కగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన అమెరికా గ్రేట్ డేన్ జ్యూస్ ఎత్తు 111.8 సెంటీమీటర్లు. 2014లో ఐదేళ్ల వయసులో పోయింది. టెక్సస్‌లో అదే పేరున్న ఇంకో గ్రేట్ డేన్ ఆ తర్వాత ఆ స్థానంలోకి వచ్చింది. ఎముక క్యాన్సర్‌తో కాలు తీసేశాక 2023లో మూడేళ్లకే పోయింది. 2024లో అయోవాలోని కెవిన్ రికార్డుకెక్కిన కొద్ది రోజులకే, అదీ మూడేళ్లకే చనిపోయింది. మనం ఎగబడి మెచ్చుకునే ఆ ఎత్తు ఈ జాతికి శాపం.

ఛాతీ లోతుగా ఉండే ఈ కుక్కలను గంటల్లో చంపే ఆపద ఒకటుంది. కడుపు గ్యాస్‌తో ఉబ్బి, తన చుట్టూ తానే మెలిపడుతుంది. రక్తం ఆగిపోతుంది. పొట్ట డోలులా బిగుస్తుంది, కుక్క వాంతికి ప్రయత్నిస్తుంది కానీ నురగ తప్ప ఏమీ రాదు, ఒకచోట నిలవలేక తిరుగుతూనే ఉంటుంది. ఆ గుర్తులు కనబడిన వెంటనే ఆపరేషన్ బల్ల మీదికి చేర్చాలి. ‘పొద్దున చూద్దాంలే’ అనుకుంటే పొద్దున ఉండదు. రాత్రి పన్నెండు గంటలకు మీ ఊళ్లో ఆ ఆపరేషన్ చేయగల పశువైద్యుడు ఉన్నాడా? 70 కిలోల కుక్కను మెట్లు దింపి కారెక్కించే మనుషులు ఇంట్లో ఉన్నారా? ఖర్చు చూడండి. కడుపులోని పురుగులకు వేసే మందు పదికిలోలకు ఒక మాత్ర. చిన్న కుక్కకు ఒక్క మాత్రతో అయ్యే పనికి దీనికి ఏడు మింగించాలి. మత్తుమందు, సెలైన్, యాంటీబయాటిక్ అన్నీ బరువును బట్టే. తిండి రోజుకు ముప్పాతిక కిలోకు తగ్గదు. పిల్లను కొన్న ధర మొత్తం ఖర్చులో మొదటి మెట్టు మాత్రమే.

వీధిలోకి వద్దాం. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో పెంపుడు కుక్క మీదికి ఉరకడంతో భయపడి, మూడో అంతస్తు నుంచి పడి ఒక డెలివరీ యువకుడు చనిపోయాడు. అది జర్మన్ షెపర్డ్. సాధారణంగా ఆ జాతి బరువు 40 కిలోలకు మించదు. దానికి రెట్టింపు ఉన్న జంతువును లిఫ్టులో బిగించి, గొలుసును పదిహేనేళ్ల పిల్లాడి చేతికిచ్చి పంపేవాళ్లు ఈ మరణం గురించి చదవలేదా? పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా పడవచ్చు. ‘మాది ఏమీ అనదు’ అనే మాట ఎదుటివాడి భయానికి జవాబు కాదు. అది ప్రేమతో మీదికి దూకినా ముసలావిడ తుంటి విరుగుతుంది.

ప్రభుత్వం ఏం చేసింది? 2024 మార్చిలో 23 జాతుల పేర్లు రాసి, వాటి దిగుమతి, పెంపకం, అమ్మకాలు ఆపాలని రాష్ట్రాలకు లేఖ పంపింది. సంబంధించిన వాళ్లెవరినీ సంప్రదించకుండా చేసిన ఆ పని కోర్టుల్లో నిలబడలేదు. ఏప్రిల్‌లోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. పేర్ల జాబితా రాయడం సులువు. చేయవలసింది 2017 నియమాలను అమలుచేయడం, లైసెన్సు లేని అమ్మకందారు తలుపు తట్టడం. ఆ పని మీద మన రెండు రాష్ట్రాల్లోనూ ఎవరికీ పట్టింపు లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం కుక్కను దిక్కులేకుండా వదిలేసినవాడికి మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. లక్ష పెట్టి కొన్నవాడు యాభై పడేసి చేతులు దులుపుకోవచ్చు. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది?

వదిలేయడం జరుగుతోంది కూడా. మోజు తీరాక ఆ కుక్క చేరేది నగరం బయట ఫామ్‌హౌస్‌కు. అక్కడ రేకుల షెడ్డు, ఇనుప గొలుసు, వారానికోసారి కనిపించే యజమాని. కాపలావాడు తాను తినగా మిగిలిన అన్నం వేస్తాడు. మనుషుల మధ్య పడుకోవడానికి అలవాటుపడిన జంతువు అక్కడ పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. ఈ దారి ఎక్కడికి పోతుందో చైనా చూపించింది. 2011లో ఒక ఎర్ర టిబెటన్ మాస్టిఫ్ కోటి యువాన్లకు అమ్ముడుపోయిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. కొద్ది ఏళ్లకే మోజు పోయింది, ధర కూలింది. పెంపకందారులు వదిలేసిన మాస్టిఫ్‌లు టిబెట్ పీఠభూమిలో మందలుగా తిరుగుతూ పశువుల మీద, మనుషుల మీద పడ్డాయి. తప్పు చేసింది మనుషులు, ‘క్రూరమృగం’ అన్న పేరు వచ్చింది కుక్కలకు.

‘అయితే ఎవరూ పెంచకూడదా?’ అని నిలదీస్తారు. ఈ కుక్కల మీద నాకు ద్వేషం లేదు. గ్రేట్ డేన్ అంత సాధువైన జీవి అరుదు. పసిపిల్ల చెవి పట్టి లాగినా కదలకుండా నిలబడే ఓర్పు సెయింట్ బెర్నార్డ్‌ది. అంత మంచి ప్రాణి కాబట్టే నాకీ కోపం. పెంచగలవాళ్లు పెంచండి. మట్టినేల, చెట్ల నీడ ఉన్న సొంత ఇల్లుండాలి. పగలంతా ఒక మనిషి ఇంట్లో ఉండాలి. పిల్లను తెచ్చిన మొదటి వారం నుంచే శిక్షణ మొదలుపెట్టాలి, పదికిలోలప్పుడు నేర్పనిది 60 కిలోలప్పుడు నేర్పలేరు. తిండిని రెండు మూడు పూటలకు పంచి, తిన్న వెంటనే పరుగెత్తించకుండా చూడాలి. కుక్కపిల్ల తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపించమని అమ్మేవాడిని అడగాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే, కడుపు మెలిపడకుండా దాన్ని లోపలి గోడకు కుట్టించడం గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. వైద్యానికి డబ్బు విడిగా పక్కన పెట్టాలి. మంచుకొండల బొచ్చు జాతులను మాత్రం మన మైదానాలకు ఏ షరతు మీదా తేకూడదు. ఈ మాటలో రాజీకి నేను సిద్ధంగా లేను.

ఇవేవీ కుదరని ఇంట్లోనూ కుక్కకు చోటుంది. మన కొల్లేరు చుట్టుపక్కల, కోస్తా గ్రామాల్లో జోనంగి అనే జాతి ఉంది. ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి జుట్టు, సన్నటి బలమైన ఒళ్లు, అరుపు చాలా తక్కువ. బాతుల మందలను కాసింది, జాలరుల వెంట తిరిగింది. మన ఎండలో, మన ఉప్పుగాలిలో పుట్టి పెరిగిన ఆ జాతి పేరు కూడా తెలియని తెలుగువాళ్లు ఆల్ప్స్ కుక్క వంశావళి అప్పజెబుతున్నారు. అది కూడా ఫ్లాట్ కుక్క కాదు, పరుగెత్తడానికి స్థలం కావాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు మన వీధిలో పుట్టిన పిల్ల చాలు. టీకాలు వేయించి, ఆపరేషన్ చేయించి, ప్రేమగా పెంచితే పదమూడు, పద్నాలుగేళ్లు ఇంటి చుట్టూ తిరుగుతుంది. ఈ వేసవిని అది మనకంటే బాగా తట్టుకుంటుంది.

తల్లిదండ్రులారా, పిల్లాడు అడిగాడని కొనకండి. ఆ పిల్లాడు పదో తరగతికి వచ్చేసరికి ఆ కుక్క ముసలిదై మూత్రం మీద అదుపు తప్పి పడి ఉంటుంది, అప్పుడు దాన్ని ఎత్తవలసింది మీరు. పశువైద్యులారా, జబ్బు చేసి వచ్చాక మందు రాయడంతో ఆగకండి, కొనకముందే వద్దని చెప్పండి. రెండు రాష్ట్రాల జంతు సంక్షేమ మండళ్లు తమ దగ్గర నమోదైన పెంపకందారుల జాబితాను జనం ముందు పెట్టాలి. ఇక ఇప్పటికే ఇంట్లో అంత పెద్ద కుక్క ఉన్నవాళ్లు దాన్ని ఫామ్‌హౌస్‌కు పంపే ఆలోచన ఈ రోజే మానుకోండి. అది మిమ్మల్ని ఎంచుకోలేదు. మీరే దాన్ని ఎంచుకున్నారు. దాని చివరి రోజు దాకా మోయడం మీ బాధ్యత.